రోజీని కొట్టింది ఎవరు?

సారా గ్రూయెన్ నవల ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ హత్యతో మొదలవుతుంది. సర్కస్ డేరాలో ఆట నడుస్తుండగా జంతువులు బోనుల్లోంచి బయటపడతాయి. తొక్కిసలాట మధ్య ఒక ఇనుప గుంజ గాల్లోకి లేచి ఒక మనిషి తల మీద పడుతుంది. గుంజ ఎవరి చేతిలో ఉందో రచయిత్రి చెప్పదు. కథానాయిక మార్లీనాయే ఆ పని చేసిందని మనం అనుకునేట్టు ఆ పేజీలు నడుపుతుంది. పుస్తకం చివరికొచ్చాక, ఆ దెబ్బ కొట్టింది రోజీ అనే ఆడ ఏనుగని తెలుస్తుంది.

ఇది పాఠకుణ్ణి మోసం చేయడమే అన్నవాళ్లున్నారు. నవలకు ప్రాణం ఇక్కడే ఉందన్నవాళ్లూ ఉన్నారు. 2006లో వచ్చిన ఈ పుస్తకం అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. 2011లో సినిమాగా, 2024లో బ్రాడ్వే సంగీత నాటకంగా వచ్చింది. ఇన్నేళ్లయినా చదివినవాళ్లు రెండు జట్లుగానే ఉన్నారు.

ఆ రెండు జట్లూ విజయనగరంలో ఒకే కుటుంబంలో ఉన్నాయి. ఒకరు పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన డాక్టరు గారు. రెండోది ఆయన మేనకోడలు, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. పుస్తకం ఆమె కొన్నదే. ఆయన పట్టుకెళ్లి తిరిగివ్వడం మానేశారు. అందులో హీరో పశువైద్యుడు కావడం ఒక కారణం, ఏనుగు ఇంకో కారణం.

కథ ఇదీ. 1931. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివే జేకబ్ జాంకోవ్‌స్కీ సరిగ్గా ఆఖరి పరీక్షలప్పుడు తల్లిదండ్రుల్ని కారు ప్రమాదంలో పోగొట్టుకుంటాడు. ఇల్లు కూడా దక్కదు. పరీక్ష హాల్లోంచి లేచొచ్చేసి, రాత్రి పూట వెళ్తున్న ఒక రైలెక్కేస్తాడు. అది బెంజినీ బ్రదర్స్ సర్కస్ రైలు. యజమాని పేరు అంకుల్ అల్. జంతువుల మీద పెత్తనం ఆగస్ట్‌ది. ఆగస్ట్ భార్య మార్లీనా గుర్రాలతో ఆట చేస్తుంది. దివాలా తీసిన మరో సర్కస్ నుంచి కొనుక్కొచ్చిన ఏనుగు రోజీ. ఇదంతా జేకబ్ వృద్ధాశ్రమంలో కూర్చుని తలచుకుంటుంటాడు. తనకు తొంభయ్యో, తొంభై మూడో అతనికే తెలియదు.

“దీన్ని చరిత్ర నవల అంటే నేనొప్పుకోను మావయ్యా,” అంది మేనకోడలు. “చచ్చిపోయిన నీటిగుర్రాన్ని మందు నీళ్లలో నిలవ చేసి టిక్కెట్టు పెట్టి చూపించడం ఒక సర్కస్‌లో జరిగింది. గుంజ పీకేసి, నిమ్మరసం తొట్టి ఖాళీ చేసి, మళ్లీ గుంజ పాతేసి ఏమీ ఎరగనట్టు నించున్న ఏనుగు ఇంకో చోటుది. తప్పించుకున్న సింహమూ, గిన్నెలు తోమే మనిషీ ఒకే సింకు కింద దూరి భయంతో వణకడం మరో ఊళ్లోది. ఇవన్నీ నిజంగా జరిగినవేనని రచయిత్రి చివర్లో చెప్పుకుంది, కాదనను. కానీ అన్నీ ఒకే సర్కస్‌లో, ఒకే వేసవిలో జరిగినట్టు రాస్తే అది చరిత్రవుతుందా? ముచ్చట్ల మూట అవుతుంది.”

“మూటే అవనీ. ఆవిడ చరిత్ర పుస్తకం రాస్తున్నానని ఎక్కడా అన్లేదు కదమ్మా. ఎడ్వర్డ్ కెల్టీ అనే ఆయన 1920లలో, 30లలో సర్కస్‌ల చుట్టూ తిరిగి మొత్తం బృందాన్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆయన గురించి పత్రికలో ఒక వ్యాసం చూసి ఈవిడకి నవల పుట్టింది. ఫొటోలో మొహాలు కనిపిస్తాయి గానీ ఎవరేం పడ్డారో తెలీదు. ఆ పడ్డవేవో వెతికి తెచ్చి కథకి ఎక్కించింది.”

“ఎక్కించినవి వినోదానికి పనికొచ్చేవే కదా. 1929లో రింగ్లింగ్ సర్కస్ యజమాని జాన్ రింగ్లింగ్ అమెరికన్ సర్కస్ కార్పొరేషన్‌ని కొనేశాడు. ఒక్క దెబ్బతో ఐదు పెద్ద సర్కస్‌లు, సెల్స్-ఫ్లోటో, హాగెన్‌బెక్-వాలెస్, జాన్ రాబిన్సన్, స్పార్క్స్, ఆల్ జి. బార్న్స్, ఒకే మనిషి చేతికి పోయాయి. కొద్ది వారాల్లోనే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. చిన్న సర్కస్‌లు ఎందుకు నలిగిపోయాయో, అంకుల్ అల్ లాంటివాడు జీతాలెందుకు ఎగ్గొట్టాడో అక్కడుంది. నవలలో రింగ్లింగ్ పేరు ఎక్కువగా అంకుల్ అల్ అసూయలోనే కనిపిస్తుంది.”

డాక్టరు గారు దీనికి గట్టి జవాబే చెప్పారు. అంకుల్ అల్ రోజీని కొన్నదే ఆ అసూయతో. రింగ్లింగ్ దగ్గర ఏనుగుల మంద ఉంది కాబట్టి తన దగ్గర ఒక్కటైనా ఉండాలి. ఆ ఒక్క కోరిక తీర్చుకోవడానికే పనివాళ్ల జీతాలు ఆపుతాడు. మార్కెట్ లెక్కలు విడిగా చెప్పకపోయినా వాటి ఫలితం ప్రతి భోజనం దగ్గరా కనిపిస్తుందంటారాయన. వంటడేరాలో ఆటగాళ్లు ఒక పక్క, డేరాలెత్తే కూలీలు ఇంకో పక్క తింటారు. ఆటగాళ్లకు జీతాలందుతాయి. కూలీలకు వారాల తరబడి మాటలే అందుతాయి. ఎక్కువైన మనుషుల్ని వదిలించుకోవడానికి రాత్రి పూట నడిచే రైల్లోంచి తోసేస్తారు. దాన్నే సర్కస్‌వాళ్లు రెడ్‌లైటింగ్ అనేవారు. తోసినవాడికి జీతం ఇవ్వక్కర్లేదు.

“క్యామెల్ సంగతి మర్చిపోయావా?” అన్నారాయన.

ఆ పేరు రాగానే ఆమె స్వరం మారింది. ఎందుకంటే నవలలో ఆమెకు పూర్తిగా నచ్చింది ఆ ముసలి కూలీ కథే. అమెరికాలో అప్పుడు మద్యనిషేధం, 1920 నుంచి 1933 దాకా. మందుల షాపుల్లో జమైకా జింజర్ అనే అల్లం సారం దొరికేది. దాన్లో ఆల్కహాల్ పాలు బాగా ఎక్కువ. పేరుకు ఔషధం కాబట్టి పేదవాళ్లకు అదే మద్యం. జనం ముద్దుగా ‘జేక్’ అనేవారు. తాగడానికి వీల్లేకుండా ఘాటుగా ఉండాలని, అందులో అల్లం ఘనపదార్థం ఇంత ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ పరీక్షను ఏమార్చడానికి బోస్టన్‌లో ఇద్దరు వ్యాపారులు ట్రైఆర్థోక్రెసిల్ ఫాస్ఫేట్ అనే పారిశ్రామిక రసాయనం కలిపారు. రుచి మారలేదు, పరీక్షలో పట్టుబడలేదు. 1930 తొలి నెలల్లో దక్షిణాది రాష్ట్రాల్లో మనుషులు కాళ్లు పడిపోయి ఆస్పత్రులకు రావడం మొదలైంది. పాదం లేవదు, నేలకేసి కొట్టుకుంటూ నడుస్తారు. బాధితులు వేలల్లో, కొన్ని అంచనాల ప్రకారం ముప్ఫై వేలకు పైనే. చాలామంది జీవితాంతం అలాగే ఉండిపోయారు. కలిపిన ఇద్దరికీ పడింది జరిమానా, అమలు కాని జైలు శిక్ష.

నవలలో క్యామెల్ ఆ జేక్ తాగే కాళ్లూ చేతులూ పోగొట్టుకుంటాడు. పని చేయలేనివాడు సర్కస్‌కు బరువు. జేకబ్, వాల్టర్ అనే మరుగుజ్జు క్లౌను అతణ్ణి రైలు బోగీలో దాచి కాపాడతారు. చివరకు ఒక రాత్రి వాల్టర్‌నీ క్యామెల్‌నీ కలిపే రైల్లోంచి తోసేస్తారు.

“ఇది నా క్లాసులో చెబుతాను,” అంది మేనకోడలు. “మద్యనిషేధం అంటే పిల్లలు గ్యాంగ్‌స్టర్ల సినిమాలే అనుకుంటారు. జేక్ గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నవలలో ఉంది. దానికి దండం పెడతాను. నా గొడవ వేరే. ఆగస్ట్‌కి పిచ్చెందుకు పెట్టింది?”

ఇక్కడి నుంచి వాదన వేడెక్కింది. ఈ నవల మీద ఎక్కువమంది పాఠకులు తగువులాడుకునేదీ, తగువులాడుకోవలసిందీ ఇక్కడే.

ఆగస్ట్ ఒకరోజు పూలగుత్తిలాంటి మనిషి, ఇంకోరోజు రాక్షసుడు. భార్యను కొడతాడు, ఏనుగును అంకుశంతో చితకబాదుతాడు. అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రీనియా ఉందని కథ మధ్యలో అంకుల్ అల్ జేకబ్‌కు చెబుతాడు.

“ఆ ఒక్క మాటతో మొత్తం సర్కస్‌ని నిర్దోషిని చేసేసింది మావయ్యా. ఏనుగును కొట్టింది పిచ్చివాడన్నమాట! పిచ్చి లేనివాళ్లు కొట్టలేదా? ఆ రోజుల్లో అంకుశం లేని ఏనుగుల డేరా ఉందా? జబ్బు మనుషుల మీద ఇదో నింద, జబ్బు లేని వ్యాపారానికి ఇదో ముసుగు.”

“ఆ మాట చెప్పిందెవరో చూడు. అంకుల్ అల్. ఆ జబ్బు పేరు కూడా సరిగ్గా పలకలేకపోయాడు. రచయిత్రి ఆ పేరుని కావాలనే అతని నోట్లో ముక్కలు చేసింది. ఏ డాక్టరూ ఆగస్ట్‌ని చూడలేదు. ఆ మనిషి లేకపోతే ఆట నడవదు, ఆట నడవకపోతే డబ్బు రాదు. అందుకని ‘జబ్బు మనిషి, సర్దుకుపోండి’ అని జేకబ్‌కీ మార్లీనాకీ సర్దిచెబుతున్నాడు. రోగం పేరు చెప్పి యజమాని తప్పించుకుంటున్నాడని పుస్తకమే చూపిస్తోంది కదా?”

“చూపిస్తోందని మీరంటున్నారు. చదివినవాళ్లలో వందకి తొంభైమంది ఆ రోగాన్ని నమ్మేశారు. తర్వాత కథ కూడా ఆ మాటనే బలపరిచింది. సినిమావాళ్లు నయం మావయ్యా. అంకుల్ అల్‌ని తీసేసి ఆగస్ట్‌నే యజమానిని చేశారు. డబ్బూ, దెబ్బా ఒకే చేతిలో పెట్టారు. క్రిస్టఫ్ వాల్ట్జ్ వేశాడు ఆ వేషం. అందులో జబ్బు పేరు లేదు, యజమాని కోపం ఉంది.”

ఈ సంగతిలో ఆమె పక్షాన బలం ఉంది. సినిమా విషయంలో ఇంకో నిజం ఆమె వాదనకే తోడొస్తుంది. రోజీగా నటించిన ఏనుగు పేరు టాయ్. సినిమా విడుదలయ్యాక 2011లోనే యానిమల్ డిఫెండర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఒక వీడియో బయటపెట్టింది. ఆ ఏనుగును 2005లో శిక్షణలో విద్యుత్ షాకులతో, అంకుశాలతో హింసించిన దృశ్యాలివని ఆరోపించింది. ఏనుగు యజమానులు దాన్ని ఖండించారు. ఏనుగు మీద క్రూరత్వం తప్పని చెప్పే సినిమా కోసం ఏనుగును ఎలా తయారుచేశారన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 2024 నాటకంలో రోజీ బొమ్మ ఏనుగు, మనుషులు లోపలి నుంచీ బయటి నుంచీ ఆడించేది.

డాక్టరు గారు కాసేపు పుస్తకం పక్కన పెట్టి తన ఉద్యోగం సంగతి చెప్పారు. సర్వీసులో చేరిన కొత్తలో ఊళ్లోకొచ్చిన ఒక సర్కస్ నుంచి పిలుపొచ్చింది. ఏనుగు కుంటుతోంది. చూస్తే అరికాలు పగిలి చీము పట్టింది. రోజంతా గొలుసుతో ఒకేచోట, తన మూత్రంలోనే నిలబడి ఉండటం వల్ల వచ్చే జబ్బది. కట్టుకట్టి, నాలుగు వారాలు ఆటకు పంపకండి అన్నారు. ఆ సాయంత్రమే అది ఆటలో ఉంది. “ఆ మేనేజరు మంచివాడే. నాకు టీ ఇచ్చాడు, ఫీజిచ్చాడు. ఏనుగుని కొట్టడం నేను చూళ్లేదు. ఆట ఆపితే అరవై మందికి కూడు లేదన్నాడు. ఆగస్ట్ లాంటివాడొక్కడూ లేకుండానే ఆ ఏనుగు అలా అయింది.”

“మరి నేనంటున్నదీ అదే కదా!” అంది మేనకోడలు.

“నువ్వంటున్నది అదే. కాకపోతే నువ్వు నవలలో లేదంటున్నావు, నేను ఉందంటున్నాను. మొదట్లో జేకబ్‌కి తగిలిన కేసేంటి? మార్లీనా గుర్రానికి లామినైటిస్. గిట్ట లోపలి పొర వాచి, కాలు నేల మీద పెట్టలేదు. ఇక బాగుపడదని కుర్రవాడు చెప్పాడు. యజమాని ఏమన్నాడు? ఆట ఆగకూడదన్నాడు. నేను విన్న మాటే. దానికి స్కిజోఫ్రీనియా ఎందుకు?”

మేనకోడలు వదల్లేదు. మన వైపు ఉదాహరణే తీసింది. ఉత్తరాంధ్రలో సర్కస్ అనగానే మొదట గుర్తొచ్చేది వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడని పేరు. సొంత సర్కస్ నడిపాడు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నాడు, మోటారు కార్లను గొలుసులతో పట్టి ఆపాడు. 1942లో పోయిన ఆయన గురించి ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు. “ఆయన ఛాతీ ఎంత గట్టిదో అందరం చెబుతాం. మనిషి గుండె మీదికి భయపడకుండా, తూలకుండా అడుగేసేట్టు ఆ ఏనుగుని ఎలా మలిచారో ఒక్కళ్లు చెప్పరు. చరిత్ర నవల రాసేవాళ్లు ఆ ఏనుగు వైపు నుంచి మొదలుపెట్టాలి. ఈవిడ మొదలుపెట్టింది గానీ, మధ్యలో ప్రేమకథ వైపు తిరిగిపోయింది.”

అప్పుడు డాక్టరు గారు మొదటి పేజీలకొచ్చారు. ఆ హత్యకు.

“ఆ హత్య ఎందుకు దాచిందో నీకు తెలిసుండాలి, చరిత్ర చెప్పేదానివి. 1903 జనవరిలో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో టాప్సీ అనే ఏనుగుని కరెంటు పెట్టి చంపారు. అంతకుముందు ఏడాది అది ఒక మనిషిని చంపిందని పేరు. ఎడిసన్ కంపెనీవాళ్లు దాన్ని సినిమా కూడా తీశారు. 1916 సెప్టెంబరులో టెనెసీలో స్పార్క్స్ సర్కస్ ఏనుగు మేరీ, కొద్దిరోజుల కిందట చేరిన పనివాడొకణ్ణి చంపింది. ఈ ఏనుగుంటే మా ఊరికి రావద్దని జనం పట్టుబట్టారు. అర్విన్ ఊళ్లో రైల్వే యార్డుకి తీసుకెళ్లి, రైలు పెట్టెలెత్తే క్రేనుకి గొలుసుతో వేలాడదీశారు. మొదటి గొలుసు తెగి కింద పడింది. ఇంకా లావు గొలుసు తెచ్చి మళ్లీ ఎత్తారు. వేలమంది చూశారు. మనిషిని చంపిన ఏనుగుకి ఆ రోజుల్లో ఇలాంటి గతీ పట్టేది. ఇప్పుడు చెప్పు, రోజీ చంపిందని జేకబ్ చెబితే ఏమవుతుంది?”

“చంపేస్తారు.”

“అందుకే ఆగస్ట్ తొక్కిసలాటలో పోయాడని లోకం అనుకుంటే అనుకోనిచ్చాడు. డెబ్బై ఏళ్లు. పెళ్లాం మార్లీనా బతికుండగా చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు. రోజీని తీసుకుని రింగ్లింగ్‌లో చేరాడు, తర్వాత దాన్ని వెంటబెట్టుకుని జూకి వెళ్లాడు. ఆ ముసలాయన కడుపులో దాచుకున్నది ఏనుగు ప్రాణం. మనల్ని ఏమార్చిందని నీ బోటివాళ్లు కోప్పడతారు. పోలీసుల్నీ ఊరినీ ఏమార్చాల్సినవాడు మనతో ముందే ఎలా చెబుతాడు?”

మేనకోడలు దీనికి వెంటనే ఎదురుచెప్పలేదు. మేరీ ఉరి గురించి ఆమెకు తెలుసు. దాన్ని ఈ నవల మొదటి ఘట్టంతో కలిపి చూడలేదు. మొదటి పేజీల్లోని తికమకను చవకబారు ఎత్తుగా చూసే పాఠకులకు ఈ వాదన వినిపించవలసిందే. ఆ పాత ఏనుగుల చావులు తెలిసినవాళ్లకు ఆ దాపరికం కథలోంచే వచ్చిందని అర్థమవుతుంది. అయితే రచయిత్రి పుస్తకం చివర తన మాటలో టాప్సీని తలచుకుంది గానీ, కథలో వాటిని గుర్తుచేయదు. అమెరికాలో సర్కస్ చరిత్ర తెలిసినవాళ్లకు గుర్తుచేయక్కర్లేదేమో, మిగతావాళ్లకు మాత్రం ఆ భయం అందదు.

రోజీకి పోలిష్ భాష మాత్రమే అర్థమవుతుందనీ, జేకబ్ పోలిష్ కుటుంబంవాడు కావడంతో అది బయటపడిందనీ కథలో ఉంది. ఇది మరీ కలిసొచ్చిన కాకతాళీయం అంటుందామె. ఏనుగు అలవాటైన పిలుపులకే కదులుతుందంటారాయన. 2025 మేలో కర్ణాటక ఆంధ్రప్రదేశ్‌కు కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని అదుపు చేయడానికి శిక్షణ పొందినవి) ఇచ్చినప్పుడు కొత్త మావటులకు పాత పిలుపులు వంటబట్టాలన్నది అందరికీ తెలిసిన సంగతేనని గుర్తుచేశారు. ఇద్దరూ ఇంతకంటే దీన్ని సాగదీయలేదు.

మార్లీనా దగ్గర మాత్రం ఆయన ఓడిపోయారనే చెప్పాలి.

“ఆమెకేం కావాలో ఒక్క పేజీలో చూపించండి మావయ్యా. అందంగా ఉంది, గుర్రాలంటే ప్రేమ, మొగుడు కొడతాడు, జేకబ్ కాపాడతాడు. సర్కస్‌లో ఆడవాళ్లు తాళ్ల మీద, గుర్రాల మీద ప్రాణాలొడ్డి మగవాళ్ల కంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న రోజులవి. లిలియన్ లీట్జెల్ ఒక్క చేత్తో వేలాడుతూ గిరగిరా తిరిగేది, పోస్టర్ మీద అందరి కంటే ముందు ఆమె పేరే. 1931 ఫిబ్రవరిలో కోపెన్‌హాగన్‌లో కింద పడి పోయింది. నవల జరిగే ఏడాదే అది! అలాంటి ఆడవాళ్ల మధ్య బతికిన మార్లీనాకి వృత్తి మీద గర్వం గానీ, ఆకలి గానీ ఉండొద్దా?”

“చెప్పేది జేకబ్ కదా, ప్రేమలో ఉన్న ఇరవై మూడేళ్ల కుర్రాడి కంటికి అలాగే...”

“తొంభై ఏళ్ల ముసలాయన కదా చెబుతున్నది! ఆమెతో అన్నేళ్లు కాపురం చేసినవాడు. అప్పటికైనా తెలియదా?”

ఆయన దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసకర్త దగ్గరా లేదు. రోజీకి దక్కినంత వ్యక్తిత్వం మార్లీనాకు దక్కలేదు. అది నవలలో పూడ్చలేని లోటు.

వృద్ధాశ్రమం అధ్యాయాల దగ్గర గెలుపు డాక్టరు గారిది. సర్కస్ కోసం పుస్తకం తెరిచిన ఎంతోమంది పాఠకులు చివరకు ఈ అధ్యాయాలనే గుర్తుపెట్టుకున్నారు. పళ్లున్నా మెత్తగా నూరిన తిండే పెడతారు. ఆదివారం ఎవరు రావాలో పిల్లలు వంతులేసుకుంటారు, ఆ వంతు ఒకరు మర్చిపోతారు. ఎదురుగా ఖాళీ స్థలంలో సర్కస్ డేరా లేస్తుంటే చూస్తూ కూర్చోవాలి. పక్క బల్ల దగ్గర ఒకాయన కుర్రతనంలో తాను ఏనుగులకు నీళ్లు మోశానని గొప్పలు పోతాడు, జేకబ్ అది అబద్ధమని గొడవపడతాడు. ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైనే తాగుతుంది, ఆ పని చేసినవాడెవడూ దాన్ని సరదాగా చెప్పుకోడు. పుస్తకానికి పేరొచ్చింది ఆ గొడవలోంచే.

“నేనూ పెన్షన్ తీసుకునేవాణ్ణే,” అన్నారు డాక్టరు గారు. “నువ్వు చూసింది తప్పు అని మొహం మీద చెబుతుంటే ఎలా ఉంటుందో ఆ బల్ల దగ్గర రాసిపెట్టింది.”

“అది ఒప్పుకుంటాను. కానీ చివర? ముసలాయన వాకర్ పట్టుకుని సర్కస్‌కి నడిచెళ్లిపోవడం, వాళ్లు టిక్కెట్లమ్మే ఉద్యోగమిచ్చి ఉంచేసుకోవడం? ఇంత క్రూరత్వం చూసినవాడు మళ్లీ సర్కస్‌నే ఇల్లంటాడా?”

“అంటాడు. నేను ముప్ఫయ్యేళ్లు తిట్టుకుంటూ చేసిన ఉద్యోగం. ఇవాళ ఎవరైనా ఆవు ఈనలేకపోతోందని పిలిస్తే చెప్పులేసుకుంటాను.”

ఆమె నవ్వలేదు. ఇంకా వాదించింది. అమెరికాలో రింగ్లింగ్ సర్కస్ 2016లో ఏనుగుల్ని ఆటలోంచి తప్పించింది, 2017లో మూతపడింది, 2023లో జంతువులు లేకుండా మళ్లీ మొదలైంది. మన దేశంలో 1998లో కేంద్రం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ఆటల్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ జాబితాలో ఏనుగు లేదు. 2011లో అదే కోర్టు సర్కస్‌ల్లో పిల్లల చేత పనిచేయించడాన్ని ఆపమంది. ఈ తీర్పుల వెనుక జరిగినవన్నీ ఇంకా కథలుగా రాలేదు. తెలుగులో ఒక సర్కస్ నవల రావాలంటే సామగ్రికి కొదవ లేదని ఆమె నమ్మకం.

వచ్చే ఏడాది విద్యార్థులతో ఈ పుస్తకం చదివించాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ముందు మేరీ ఉరి, జేక్ కేసు, 1938లో స్క్రాంటన్‌లో రింగ్లింగ్ కార్మికుల సమ్మె గురించి చదివించి, తర్వాతే నవల చేతికివ్వాలంటుంది ఆమె. అప్పుడు రచయిత్రి ఏది తీసుకుందో, ఏది వదిలేసిందో పిల్లలే పట్టుకుంటారు.

“వద్దు. ముందు నవలే ఇవ్వు,” అన్నారాయన. “ముందే మేరీ గురించి చెబితే, గుంజ ఎవరు ఎత్తారో వాళ్లు మొదటి పేజీలోనే కనిపెట్టేస్తారు.”

“కనిపెడితే ఏం పోయింది మావయ్యా? దాన్ని కాపాడాలని మొదటి పేజీ నుంచే అనుకుంటారు.”